డెయిరీ ఫార్మ్‌లో నేల చల్లబరిచే గది

అనకాపల్లిలో మేం కట్టుకోబోయే చిన్న ఇంటికి ఏసీ వద్దని నేను, కావాలని మా ఆయన. నేలలో గొట్టాలు పాతి, మట్టి చల్లదనంతోనే గదిని చల్లబరచవచ్చని విన్నప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. "ఆ గొట్టంలోంచి గాలొస్తుందా, పాములొస్తాయా?" అని ఆయన ఎగతాళి. పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్ల ఇంట్లో అలాంటి గది ఉందని నా స్నేహితురాలు చెప్పింది. అండమాన్ చూడాలన్న కోరిక ఎలాగూ ఉంది కాబట్టి, ఇంకెవరినీ అడక్కుండా టికెట్ కొనేశాను.

చెన్నై నుంచి పొద్దున్నే బయల్దేరిన విమానం రెండు గంటల పైచిలుకులో దించేసింది. హాడో అనే పేటలో దిగిన లాడ్జిలో సామాను పడేసి, ఆటో ఎక్కి ఆ ఇంటి చిరునామా చెప్పాను. మీటరు వేయరు, బేరం ముందే మాట్లాడుకోవాలి. నా దగ్గర నూట యాభై తీసుకున్నాడు. ఏప్రిల్ ఎండకు, గాలిలో తడికి చీర ఒంటికి అతుక్కుపోయింది. "రమణ భయ్యా ఇల్లా? మాలూమే దీదీ. ఏసీ లేకుండా ఠండా చేస్తాడంట. ఈ గర్మీలో అదెలాగో నాకూ చూపించమనండి" అని డ్రైవర్ నవ్వాడు.

రమణ ఇళ్లు కట్టే కాంట్రాక్టరు, దీవుల్లోనే పుట్టినవాడు. సునామీకి ముందు వాళ్ల ఇల్లు పల్లంలో ఉండేది. ఆనాటి భూకంపానికి నేల కుంగి, అక్కడ ఇప్పటికీ ఉప్పునీళ్లే నిలిచి ఉన్నాయి. తల్లిని తీసుకుని రేకుల షెల్టర్‌లో చాలాకాలం గడిపి, చివరికి ఊళ్లోనే డెయిరీ ఫార్మ్ అనే పేటలో ఇల్లు కట్టుకున్నాడు. "రేకుల కింద అమ్మ ఒళ్లంతా చెమటకాయలు దీదీ. ఇల్లంటూ కడితే అమ్మకి సల్లటి గది ఇవ్వాలని అప్పుడే అనుకున్నా" అన్నాడు.

పెరట్లో మనిషి ఎత్తును మించిన లోతున గొట్టాలు పాతాడు. ఒక కొస చెట్టు నీడలో పైకి తేలి ఉంటుంది, దానికి సన్నని జాలీ. పాముల సంగతి తేలిపోయింది, మా ఆయనకు వెంటనే ఫోన్ చేసి చెప్పాను! రెండో కొస గది గోడలోకి వస్తుంది, అక్కడ చిన్న ఫ్యాను. బయటి గాలి మట్టి కిందుగా ప్రయాణించి, వేడి వదులుకుని లోపలికి వస్తుంది. గొట్టంలో పట్టే చెమ్మ బయటికి పోవడానికి కాస్త వాలు ఇచ్చాడు. చలిదేశాల్లో ఇదే పద్ధతిలో ఇల్లు వెచ్చబరుచుకుంటారట. ఇక్కడ ఆ అవసరం ఎవరికి? తలుపు మూసి కాసేపు కూర్చున్నాను. ఏసీ చలి కాదు, చింతచెట్టు నీడలో మంచం వేసుకున్నంత హాయి.

కానీ ఆ గదిలో మంచం మీది దుప్పటి మడత నలగలేదు. ఎవరి కోసం కట్టాడో ఆ తల్లి, అప్పలమ్మ గారు, వరండాలో కూర్చుని పేపరుతో విసురుకుంటున్నారు. "మొన్న వేడికి కళ్లు తిరిగి పడిపోనాది. ఐనా ఆ గదిలో పడుకోదు. పడుకున్నా తలుపు బార్లా తీసేస్తాది, సల్లదనమంతా బయటికే. ఇంక గొట్టాలు మూసేస్తా దీదీ, నా వల్ల కాదు" అన్నాడు రమణ. అతని గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది.

మధ్యాహ్నం ఆవిడ వండిన చేపల పులుసు తింటూ, ఉండబట్టలేక అడిగేశాను. "గది బాగాలేదా అమ్మా?"

"బాగానే ఉంది తల్లీ. తలుపేస్తేనే సల్లగుంటాది. అదే నా వల్ల కాదు." ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఆ పొద్దు భూమి ఊగితే గుమ్మం ఒంగిపోయి గడి బిగిసిపోనాది. నేను లోన, ఈడు బయట. గునపంతో పగలగొట్టి లాగినాడు. ఆ ఎనకే నీళ్లొచ్చినాయి."

"ఇన్నాళ్లూ చెప్పలేదేటమ్మా?" అన్నాడు రమణ.

"కష్టపడి తవ్వినావు కదరా, ఏటని చెప్పను?"

రమణ కంచం పక్కకు జరిపాడు. "ఆ తలుపు పగలగొట్టింది నేనే దీదీ. మళ్లీ గడి పెట్టి మూసుకోమన్నదీ నేనే" అని చెయ్యి కడుక్కుని, పనిముట్ల సంచీ తెచ్చాడు. గడి ఊడదీశాడు. తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పి బిగించాడు. మంచాన్ని కాళ్లు తలుపుకు అందేంత దగ్గరికి జరిపాడు. అప్పలమ్మ గారు పడుకుని పాదంతో తోశారు. తెరుచుకుంది. రమణ దగ్గరికి వేశాడు. మళ్లీ తోశారు, మళ్లీ తెరుచుకుంది. అలా ఎన్నిసార్లు తోశారో, అన్నిసార్లూ అతను విసుక్కోకుండా వేశాడు. చివరికి ఒకసారి తలుపు తెరుచుకోలేదు. మేం బయట ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. లోపల సన్నగా గురక మొదలైంది. రమణ గుమ్మం దగ్గరే చతికిలబడి కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఇక్కడ అయిదున్నరకే చీకటి పడుతుంది, చూడాల్సినవి ఆలోపే చూసుకోండి. నేనైతే ఆ రోజు ఇంకేమీ చూడలేదు, చూడాలనీ అనిపించలేదు. ఇంత దూరం గొట్టాల కోసం వచ్చి, తలుపు గురించి నేర్చుకుని వెళ్తున్నాను. అంత భయపెట్టిన నేల మీదే, ఆ నేల ఇచ్చిన గాలికే ఆవిడకు కునుకు పట్టడం నా కళ్లారా చూశాను. మీరూ ఇలాంటి గది కట్టాలనుకుంటే ఒక్క సలహా. గొట్టాలు ఎంత లోతున వెయ్యాలో కట్టేవాళ్లు చెబుతారు. ఆ గదిలో పడుకునేవాళ్లు తలుపు మూసుకోగలరో లేదో మాత్రం మీరే అడిగి తెలుసుకోండి, తవ్వకం మొదలుపెట్టకముందే.