వేయించిన పళ్ళెం

ఆ సందులో ఎవరింట్లో కైమా కొడుతున్నారో కళ్ళతో చూడనక్కర్లేదు. కత్తి చింత మొద్దు మీద పడిందంటే నాలుగిళ్ళకీ వినబడుతుంది. మాంసం ముక్కలుగా ఉన్నంతసేపూ చప్పుడు టకటకమని పైకి లేస్తుంది. నలిగేకొద్దీ ఆ చప్పుడు మెత్తబడి, చివరికి తడిబట్ట మీద కొట్టినట్టు వస్తుంది. అదిగో, అప్పుడు మగవాళ్ళు ఒక్కొక్కరే సారా సీసా చంకన పెట్టుకుని ఆ ఇంటి మెట్లెక్కుతారు. ఆ కైమా వంటకం పేరు లాప్. దానికి పిలుపుల్లాంటివేం ఉండవు. లాప్‌కి పిలుపు కోసం చూసేవాడు ఆ ఊరివాడే కాదు.

అలాంటి సందులో, రెండేళ్ళుగా ఇన్‌సోం ఇంట్లోంచి చప్పుడు లేదు.

అతని కత్తికి చుట్టుపక్కల అయిదూళ్ళలో పేరుండేది. పెళ్ళయినా చావైనా, కొత్తగా ఇల్లు కట్టినా, లాప్ కొట్టడానికి అతన్నే పిలిచేవారు. రెండు చేతులా రెండు కత్తులు పట్టి కూర్చున్నాడంటే మాంసంలో ఒక్క పీచు మిగిలేది కాదు. నెత్తురు చిలకరిస్తూ కొట్టి, పిప్పళ్ళూ మాడ్చిన మిరపకాయలూ దంచిన పొడి కలిపి, చివర్న నాలుగు చుక్కలు పిత్తం పిండేవాడు. ఆ చేదు కోసం మగాళ్ళు కొట్టుకు చచ్చేవారు. మగవాళ్ళకి పచ్చిది, ఆడవాళ్ళకీ పిల్లలకీ పెనం మీద వేయించింది. తాతల నాటినుంచీ అదే వరస.

పని ఇన్‌సోందే గానీ తీర్పు మాత్రం సింగ్‌ఖాంది. సింగ్‌ఖాం కంచె అవతలి ఇంటివాడు, వెదురు బుట్టలు అల్లి బతికేవాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు. పదేళ్ళప్పుడు ఒకే రోజు తల గొరిగించుకుని బౌద్ధ విహారంలో చేరారు, ఒకే రోజు పారిపోయి వచ్చి తన్నులు తిన్నారు. ఇన్‌సోం ఇక్కడ కత్తి పట్టగానే సింగ్‌ఖాం అక్కడ బుట్ట అల్లుతూనే చెవి ఒగ్గేవాడు. ఇంకా పీచు తగుల్తోందిరా, చెయ్యి ఆపకు అని కంచె మీదుగా అరిచేవాడు. చాలు, ఇక కొడితే జావ అవుతుంది అనేవాడు. ఒక్కసారి కూడా ఆ చెవి తప్పు చెప్పలేదు. రుచి నాలుకతో చూసేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, చెవితో చూసినవాడు వాడొక్కడే.

ఇప్పుడు ఇన్‌సోం కత్తులు అటక మీద తుప్పు పడుతున్నాయి. పట్నంలో ఉండే కోడలు ఒక మర తెచ్చింది, బల్ల అంచుకి బిగించి పిడి తిప్పితే అవతలనుంచి కైమా పురుగుల్లా బయటికొస్తుంది. ఇన్‌సోం బల్ల కాళ్ళ కింద తువ్వాలు మడతపెట్టి, కిటికీ మూసి మరీ తిప్పుతాడు. ఆ వచ్చింది పెనం మీద నల్లగా వేయిస్తాడు. మొగుడూ పెళ్ళామూ తిని, పళ్ళేలు కడుక్కుని పడుకుంటారు. దొంగసొత్తు తిన్నట్టు ఉంటుంది ఆ తిండి.

రెండేళ్ళ కిందట, కొత్త ఏడాది నీళ్ళ పండగ మూడో రోజు. ఇన్‌సోం భార్య బువాలై పెంచిన పంది అంతకు ముందు రెండు రోజులనుంచీ కుడితి ముట్టలేదు. నిలబడితే వెనక కాళ్ళు తూలుతున్నాయి. పశువుల డాక్టరుకి చూపించు, లేదా గొయ్యి తీసి పాతిపెట్టు అంది బువాలై. పాతిపెట్టడానికా ఏడాది పాటు మేపింది అన్నాడు ఇన్‌సోం. దానంతటది చస్తే గొయ్యి, నా చేతిలో చస్తే పండగ అని కత్తి నూరాడు. కోశాక నెత్తురు రంగు చూశాడు. చిక్కగా, నల్లగా ఉంది. ముప్ఫయ్యేళ్ళుగా నెత్తురు చూస్తున్నవాడికి ఆ రంగేమిటో ఇంకొకరు చెప్పాలా? పిప్పళ్ళు రెండింతలు వేశాడు, పిత్తం మరి కాస్త పిండాడు, వాసన అణిగిపోయింది.

చప్పుడు విని అయిదుగురు వచ్చారు. ఆ ఏడాది ఊరిపెద్ద రోజూ పొద్దున్నే మైకులో పచ్చి పంది మాంసం తినొద్దని మొత్తుకుంటున్నాడు. సింగ్‌ఖాం భార్య సెంగ్దా మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. అందుకని సింగ్‌ఖాం ఇన్‌సోం దగ్గరికి జరిగి, మిగతావాళ్ళకి వినబడకుండా అడిగాడు.

“నాకు వేయించింది పెట్టరా. దానికి మాటిచ్చాను.”

ఇన్‌సోం ఏం చేయాలి? నోరు మూసుకుని పెనం మీది పళ్ళెం జరపాలి. నలుగురూ చూస్తున్నారు, రెండు గుక్కలు సారా లోపల పడింది, నోరు ఊరుకుంటుందా.

“బువాలై, ఇక్కడ ఇంకో ఆడమనిషి వచ్చి కూచుంది. పళ్ళెం పట్రావే.”

అందరూ నవ్వారు. ఇన్‌సోం అందరికన్నా గట్టిగా నవ్వాడు. సింగ్‌ఖాం ముఖం కందిపోయింది. జిగురన్నం ముద్ద చేసి, చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఇన్‌సోం ముఖంలోకి చూశాడు. తర్వాత పచ్చి లాప్‌లో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. సారా పడ్డాక ఏ పురుగు బతుకుతుందిలే అన్నాడు ఎవరో.

అంతవరకూ అయితే తెలివితక్కువతనం అని సరిపెట్టుకోవచ్చు. ఇన్‌సోం ఆ రోజు పచ్చిది తినలేదు. నోరు పూసింది, నా పచ్చిది కారం తగ్గించి కలుపుకుంటానని చెప్పి వంటింట్లోకి వెళ్ళాడు. వీళ్ళ వైపు వీపు పెట్టి కూర్చుని, ఆడవాళ్ళ కోసం వేయించిన పళ్ళెంలోది తిన్నాడు. తన నాలుక మీద పెట్టుకోవడానికి భయపడ్డదాన్ని, వద్దన్నవాణ్ణి ఎగతాళి చేసి మరీ తినిపించాడు. అదీ అతను చేసిన ఘనకార్యం.

మూడో రోజుకి సింగ్‌ఖాంకి ఒళ్ళు కాలిపోయే జ్వరం, మెడ కట్టెలా బిగుసుకుంది. జిల్లా ఆసుపత్రిలో పదిహేడు రోజులున్నాడు. ప్రాణం దక్కింది. తెలివొచ్చాక మొదట అడిగింది ఫ్యాను గురించి. తిరుగుతోంది గదా, చప్పుడేది అని. డాక్టరు సెంగ్దాని బయటికి పిలిచి, పంది మాంసంలోంచి వచ్చిన జబ్బు చెవుల్ని తినేసిందనీ, ఇక రావనీ చెప్పాడు.

తిన్న అయిదుగురిలో నలుగురికి జలుబు కూడా రాలేదు. అందుకని సందులో అందరూ సింగ్‌ఖాం తలరాత అన్నారు. ఇన్‌సోం కూడా తిన్నాడుగా, వాడికేమైంది అన్నారు. ఆ మాట ఇన్‌సోం ఎదటే అన్నారు, అతను నేల చూస్తూ ఊరుకున్నాడు. సెంగ్దా అయితే అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నువ్వన్నా క్షేమంగా ఉన్నావు అన్నయ్యా, ఇద్దరూ పడితే నేనెవరి ముఖం చూసేదాన్ని అంది. ఆ రాత్రినుంచీ అతనికి నిద్ర సగమే.

నిజం తెలిసింది బువాలైకి ఒక్కదానికే. వెళ్ళి చెప్పెయ్యి అని ఒకే ఒక్కసారి అంది. చెవిటివాడికి ఎలా చెప్పను, అరిస్తే ఊరంతా వింటుంది అన్నాడు. ఊరు వింటుందనా నీ బాధ అని అడిగి, ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది.

సింగ్‌ఖాం మాత్రం సాయంత్రం కాగానే ఎప్పటిలాగే కంచె తలుపు తోసుకుని వచ్చేవాడు. మెళ్ళో మనవడి పలక తాడుతో వేలాడుతుండేది. తన గొంతు తనకి వినబడదు గనుక మంచినీళ్ళడిగినా పొలికేకే. బుట్టల బేరం గురించి, మోకాళ్ళ నొప్పి గురించి అరిచి చెప్పేవాడు. ఇన్‌సోం పలక మీద ఒక్కో మాట రాసి చూపించేవాడు. వాన వస్తుంది. కోడి పొదిగింది. రెండేళ్ళు ఆ పలక మీద లోకంలో ఉన్న సంగతులన్నీ రాశాడు, రాయాల్సింది తప్ప.

ఈ ఏడు నీళ్ళ పండగ ముందు విహారంలో పెద్ద భిక్షువు స్నేహం మీద ప్రవచనం చెప్పాడు. చెబుతూ చెబుతూ ఇన్‌సోం పేరెత్తాడు. మిత్రుడి చెవులు పోయాయని, అయిదూళ్ళు మెచ్చిన కత్తిని అటకెక్కించిన మనిషి మన మధ్యనే ఉన్నాడన్నాడు. అందరూ వెనక్కి తిరిగి అతన్ని చూశారు. ముసలమ్మలు చేతులు జోడించారు. ఇన్‌సోంకి ఆ చాప కింద భూమి చీలితే బాగుండుననిపించింది. లేచి, అది నిజం కాదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పలేదు. తల వంచుకుని కూర్చున్నాడు, అది వినయం అనుకున్నారు.

సాయంత్రం సింగ్‌ఖాం వచ్చాడు. భిక్షువు అన్న మాటలన్నీ సెంగ్దా పలక మీద రాసి చూపించిందట. కళ్ళు తడిగా ఉన్నాయి. అరుగు మీద కూలబడి, ఊరంతా వినేలా అన్నాడు.

“నా కోసం కత్తి మానేశావటగదరా. తోడబుట్టినవాడైనా చేస్తాడా ఇంత పని?”

ఇన్‌సోం పలక లాక్కున్నాడు. గట్టిగా నొక్కేసరికి బలపం రెండు ముక్కలైంది. ఆ ముక్కతోనే రాశాడు. పందికి జబ్బు. నాకు తెలుసు. నేను పచ్చిది తినలేదు, వేయించింది తిన్నాను.

సింగ్‌ఖాం చదివాడు. పెదాలు కదుపుతూ రెండోసారి చదివాడు. ఇన్‌సోం అతని కాళ్ళ మీద పడబోతే కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. ఎప్పుడూ చదవగానే అరచేత్తో తుడిచేసే అలవాటు అతనికి. ఆ రోజు తుడవలేదు. రాసింది రాసినట్టే పలక మెళ్ళో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి సెంగ్దా వచ్చి కంచె తలుపుకి తీగ చుట్టింది. అరుగు మీద ఇన్‌సోం ఉన్నాడని తెలిసీ ఇటు చూడలేదు.

నాలుగు రోజులు గడిచాయి. ఇన్‌సోం అన్నం ముందు కూర్చునేవాడు, లేచేవాడు. చెబితే గుండె బరువు దిగుతుందంటారు. ఎవరికి దిగిందో గానీ అతనికి దిగలేదు. ఇన్నాళ్ళూ తను మోసింది తీసుకెళ్ళి చెవిటివాడి నెత్తిన పెట్టానని ఏడ్చాడు. బువాలై పక్కనే కూర్చుంది గానీ ఊరడించలేదు.

అయిదో రోజు, పండగ పొద్దున, కంచె అవతలనుంచి చప్పుడొచ్చింది. కత్తి మొద్దు మీద పడుతోంది. చేతకాని చెయ్యి. ఒక దెబ్బ మాంసం మీద, ఒక దెబ్బ చెక్క మీద. బతుకులో ఎప్పుడూ లాప్ కత్తి పట్టనివాడు కొడుతున్నాడు. ఆ చప్పుడు ఊరంతటికీ వినబడుతోంది, కొట్టేవాడికి తప్ప.

సందులో వాళ్ళెవరూ మెట్లెక్కలేదు. పలక సంగతి అప్పటికి అందరికీ తెలిసిపోయింది. ఇన్‌సోం కంచె దాకా వెళ్ళి తీగ విప్పాడు.

సింగ్‌ఖాం అతన్ని చూసి కత్తి పక్కన పెట్టాడు. వంటింటి గుమ్మంలో సెంగ్దా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. చాప మీద రెండు పళ్ళేలున్నాయి. ఒకదాంట్లో పచ్చి పంది మాంసం, ఎర్రగా, నెత్తురోడుతూ. రెండోదాంట్లో వేయించింది. సింగ్‌ఖాం రెండూ ముందుకు జరిపి, ఏది కావాలో తీసుకోమని చేత్తో చూపించాడు.

ఇన్‌సోం జిగురన్నం ముద్ద చేశాడు. పచ్చి మాంసంలో అద్దాడు. భయం లేకపోలేదు. ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి సింగ్‌ఖాం అతని మణికట్టు పట్టుకున్నాడు. వెదురు చీల్చే చెయ్యి అది, కదలనివ్వలేదు.

“ఆ రోజు నేనూ ఇలాగే ముద్ద పట్టుకుని నీ ముఖం చూశాను” అన్నాడు. మొదటిసారి గొంతు తగ్గింది, ఎలా తగ్గించాడో. “వద్దంటావేమోనని చూశానురా. నువ్వు నవ్వావు.”

ఇన్‌సోం చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సింగ్‌ఖాం అతని వేళ్ళు విప్పి ముద్ద తీసేశాడు. పచ్చి పళ్ళెం ఎత్తి పొయ్యి మీది పెనంలో బోర్లించాడు. అది చిటపటలాడింది, సెంగ్దా గరిటె అందుకుంది. ముగ్గురూ కూర్చుని తిన్నారు. సెంగ్దా ఆ తర్వాత ఇన్‌సోంని అన్నయ్యా అని ఎప్పుడూ పిలవలేదు.

లేచేముందు సింగ్‌ఖాం పళ్ళలో ఇరుక్కున్న పీచు లాగి పారేశాడు. “నలగలేదు. రేపు నీ కత్తులు పట్రా” అని మామూలుగా అరిచాడు.

మర్నాడు ఇన్‌సోం తుప్పు గీకి, నూరి, కత్తులు తెచ్చాడు. మొద్దు ముందు కూర్చున్నాడు. సింగ్‌ఖాం ఎదురుగా కూర్చుని తన అరచెయ్యి మొద్దు అంచు మీద పరిచి కళ్ళు మూసుకున్నాడు. ఇకనుంచి ఆ చెయ్యే చెవి. కత్తి దెబ్బకీ ఆ వేళ్ళకీ మధ్య జానెడు కూడా లేదు. జరుపుకోరా అందామంటే వినబడదు, చెయ్యి పట్టుకుని జరిపితే ఏమనుకుంటాడో.

ముప్ఫయ్యేళ్ళు కళ్ళు మూసుకుని కొట్టిన మనిషి, ఆ రోజు ఒక్కో దెబ్బా చూసి చూసి వేశాడు. గుప్పెడు మాంసం నలగడానికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇంకా పీచు తగుల్తోంది, చెయ్యి ఆపకు అన్నాడు సింగ్‌ఖాం, కళ్ళు తెరవకుండానే. ఇన్‌సోం మళ్ళీ కత్తి ఎత్తాడు.