తలెలో మోగితేనే లెక్క

మా ఇంట్లో రోబోల యుద్ధం ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి మొదలయ్యేది. ఎవరి వంతు వస్తే వాళ్లు లూడో డబ్బాలోని పాచికను అన్నం తినే స్టీలు పళ్లెంలో వేయాలి. ఆ పళ్లేన్ని మా దిక్కు తలె అంటాం. తలెలో పాచిక మోగిన చప్పుడు అందరికీ వినబడితేనే ఆ అంకె లెక్కలోకి వస్తుంది. వినబడకపోతే ఆరు పడ్డా చెల్లదు. ఈ నియమం పెట్టింది ఆట ఆడని మా అవ్వ.

అవ్వ అంటే మా అమ్మ. గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ మా ఆట వినేది. ఆడేది ముగ్గురం. వదిన కుట్టుమిషన్ ముందు కూర్చుని ఆడేది. అన్న గల్ఫ్‌లోని తన గది నుంచి ఫోన్‌లో ఆడేవాడు. కథ నడిపేది నేను. అన్న అక్కడ వేసే పాచిక మాకు సరిగా కనబడేది కాదు, వీడియో సగంసేపు బిగుసుకుపోయేది. "వాడు ఆరు పడ్డదంటే ఆరే అని ఎట్ల నమ్ముతం? చప్పుడన్న ఇననియ్యి," అన్నది అవ్వ. కన్నకొడుకు మీద ఆ మాత్రం నమ్మకం లేదా అని అన్న మొత్తుకున్నాడు. "నువ్వు అష్టచెమ్మల దొంగాట ఆడినోనివి, నాకెరుక లేదా?" అన్నది.

ఒకసారి అన్నకు నిజంగానే ఆరు పడింది. సరిగ్గా అప్పుడే మా ఇంటి ముందు నుంచి ఇసుక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. "నేను ఇనలే. చెల్లదు. మళ్ల ఎయ్యి," అన్నది అవ్వ. మళ్లీ వేస్తే రెండు పడింది. అన్న ఆ వారమంతా అలిగాడు. అవ్వ మాత్రం కరగలేదు.

అసలు ఈ ఆట మా ఇంటికి రావడానికి కారణం నా భయమే. భయపడటంలో నాకు ఎవరూ సాటి రారు. ధర్మపురిలో ఒక బడిలో ఇంగ్లీషు చెబుతాను, బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ఇంట్లో ఏదో జరిగిందనుకుంటాను. అన్న గల్ఫ్ పోయిన రెండో ఏటికి మా ఫోన్లు "తిన్నవా" "తిన్న" దగ్గర ఆగిపోయాయి. మూడో మాట దొరికేది కాదు. ఇలాగే ఉంటే కొన్నాళ్లకు ఆ రెండు మాటలు కూడా ఉండవేమోనని నాకు గుబులు పట్టుకుంది. ఆ గుబులుతోనే ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే ఒక ఇంగ్లీషు ఆట పుస్తకం దొరికింది. బండ్లలాగా కనిపించే రోబోలు, అవసరమొస్తే లేచి మనుషుల్లా నిలబడతాయి, రెండు జట్లుగా చీలి కొట్టుకుంటాయి. ఒకరు కథ చెప్పాలి. మిగిలినవాళ్లు తమ రోబో ఏం చేస్తుందో చెప్పి పాచిక వేయాలి. పని అవుతుందో కాదో ఆ అంకె తేలుస్తుంది. చిన్నప్పుడు మోటారు కనబడితే చాలు విప్పి కూర్చునే అన్నకు ఇది నచ్చకపోతే ఇంకేదీ నచ్చదనుకున్నాను.

పుస్తకంలో ఏదో పరాయి దేశపు పట్నం ఉంది. దాన్ని తీసేసి మా గోదావరి పెట్టాను. శ్రీరాంపూర్ బొగ్గు బావుల దిక్కు నుంచి వచ్చే పెద్ద పెద్ద డంపర్లు శత్రువులు. ధర్మపురి దిక్కు నుంచి బ్రిడ్జిని కాపాడే బండ్లు మనవాళ్లు. వాళ్లను మొదట "రేవు దళం" అన్నాను. అవ్వ బీడీ పక్కన పెట్టి, "ఆ మాట ఫోన్ల అనకు బిడ్డా," అన్నది. సరే, "రేవు పార్టీ" అన్నాను. "గా మాట ఇంకా మంచిగున్నది," అని తల పట్టుకుంది. వయసులో ఉన్నప్పుడు, నక్సలైట్ల రోజుల్లో, ఆ రెండు మాటలకు ఎంత భయపడి బతికిందో మాకు తెలుసు కాబట్టి ఎవరం నవ్వలేదు. చివరికి "రేవు టీము" అని ఖాయం చేసుకున్నాం.

గల్ఫ్ పోకముందు అన్న మా మండలంలో హార్వెస్టర్ నడిపేవాడు. కాబట్టి అతని రోబో వరి కోసే హార్వెస్టరే. లేచి నిలబడితే కుడి చేతికి కట్టర్ ఉంటుంది. వదిన కుట్టుమిషన్ కావాలంది. అన్న పడీ పడీ నవ్వాడు.

"కుట్టుమిషన్ యుద్ధంల ఏం జేస్తదే?"

"సూది కింద వేలు పెట్టి చూడు, ఏం జేస్తదో ఎరుకైతది," అన్నది వదిన.

ఇంకో నియమం అన్న పెట్టాడు. పుస్తకం ప్రకారం రోబో రూపం మార్చుకుంటే దెబ్బలు మాయమవుతాయి. అన్న ఒప్పుకోలేదు. "చైన్ తెగిన హార్వెస్టర్ లేచి నిలబడితే కాలు ఇరిగే ఉంటది. రూపం మారంగనే దెబ్బ యాడికి పోతది? గట్లయితే ఆట ఎందుకు?" అన్నాడు. యంత్రాలు తెలిసినవాడు కాబట్టి మేం సరేనన్నాం.

ఎనిమిది నెలలు ఆడాం. శుక్రవారం అతనికి సెలవు, నాకు బడి నాలుగింటికి అయిపోతుంది. అన్న రోబో ఎప్పుడూ ముందే లేచి కట్టర్ తిప్పుకుంటూ మీద పడేది. వదిన రోబో వెనకాల ఉండి తెగిన వైర్లు కుడుతూ వచ్చేది. వాళ్లిద్దరూ ఆటలో పోట్లాడుకుంటుంటే నా మనసు కుదుటపడేది.

ఒక శుక్రవారం తలె మోగలేదు.

వీడియో కూడా లేదు. కెమెరా ఖరాబైందన్నాడు. కోటిలింగాల ఒడ్డున డంపర్లు కాపు కాసి ఉన్నాయి, ఏం చేస్తావని అడిగితే, కాసేపు ఆగి "రెండు పడ్డది" అన్నాడు.

"చప్పుడు రాలే," అన్నది అవ్వ.

"తలె రూంమేట్ తీసుకపోయిండవ్వా. మంచం మీద ఏసిన."

"చెల్లదు."

"రెండే గదా, పోనీ అత్తమ్మా," అన్నది వదిన. అవ్వ గొణుక్కుంటూ ఊరుకుంది. నేను కూడా రాసుకున్నాను. తక్కువ పడిందని ఎవరైనా అబద్ధమాడతారా?

మరుసటి శుక్రవారం కూడా చప్పుడు లేదు. ఈసారి రూమ్ మార్చారన్నాడు. రోబోను లేపమంటే, "ఇయ్యాల మిషన్ లెక్కనే ఉంటా, గీ షెడ్డుల దాసుకుంటా," అన్నాడు. అన్న దాక్కోవడమా? ఆడుతుండగా వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది. మెల్లగా ఇంగ్లీషులో ఏదో అడిగింది. అన్న ఫోన్ మూసిపట్టినట్టున్నాడు, గొంతు ఆగిపోయింది. పన్నెండు మంది మగవాళ్లు ఉండే గదిలో ఆడగొంతు ఎక్కడిది? నేను వదిన వైపు చూశాను. ఆమె జాకెట్ అంచు కుడుతోంది, వినలేదనుకున్నాను.

ఇక ఆ వారం నా అవస్థ చెప్పనలవి కాదు. ముందు ఇంకొక ఆడమనిషి అనుకున్నాను. మా అన్న గురించి అలా అనుకున్నందుకు లెంపలు వేసుకుని, వెంటనే జైలు అనుకున్నాను. ఉద్యోగం పోయి ఎవరి ఇంట్లోనో తలదాచుకున్నాడనుకున్నాను. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒకే పేపరుకు రెండుసార్లు మార్కులు వేశాను. డ్యూటీలో ఉండాల్సిన సమయంలో ఫోన్‌లో ఆన్‌లైన్ అని కనబడుతున్నాడు. ఫోన్ చేస్తే "పరేషాన్ గాకు చెల్లే, అంత మంచిగనే ఉన్నది," అంటాడు. మంచిగా ఉన్నవాడు అంత మెత్తగా మాట్లాడడు, మా అన్న సంగతి నాకు తెలియదా?

వదినకు చెప్పాలని రెండుసార్లు కుట్టుమిషన్ దాకా వెళ్లి తిరిగి వచ్చాను. ఉత్త అనుమానంతో ఆమెను భయపెట్టడమెందుకని ఆగిపోయాను. కాసేపటికి ఆమే తలెత్తి, "ఏమన్న చెప్పేదున్నదా?" అని అడిగింది. లేదన్నాను. ఆ అడగడంలో ఆమెకూ ఏదో అనుమానం ఉందని నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఇద్దరం కలిసే భయపడేవాళ్లం, కొంచెం నయంగా ఉండేది.

గురువారం ఆట అంకెలు రాసుకునే నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుని ఒక పని చేశాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అన్న దాక్కున్న షెడ్డు మీదికి డంపర్‌ను పంపేలా కథ రాసుకున్నాను. పారిపోవడానికి దారి లేకుండా చేశాను. లేచి కుడిచెయ్యి ఎత్తాల్సిందే. అన్న ఏదో దాస్తున్నాడు, లేవడానికి ఎందుకు భయపడుతున్నాడో చెప్పించాలి. సొంత అన్నకు వల పన్నాను.

శుక్రవారం ఐదింటికి ఫోన్ కలిసింది. ఆ రోజు గదిలోనే ఉన్నట్టున్నాడు, ఫ్యాన్ చప్పుడు పాతదే. వీడియో మాత్రం లేదు. నేను ఉపోద్ఘాతమేదీ లేకుండా మొదలుపెట్టాను.

"అన్నా, షెడ్డు గోడ కూలింది. డంపర్ మీదికే వస్తుంది. లేచి కుడిచేతి కట్టర్‌తోని దాని టైరు కొయ్యాలె. లేకుంటే నలిగిపోతవ్. పాచిక ఎయ్యి."

"ఎడమచేత్తోని కొడతా."

"కట్టర్ కుడిచేతికే ఉన్నది. నువ్వే పెట్టుకున్నవ్."



"కుడిచేతికి దెబ్బ తాకిందని రాసుకో చెల్లే."

"ఎప్పుడు తాకింది? ఆటల నిన్నెవ్వరూ కొట్టలే."

"మూడు వారాలైతుంది," అన్నాడు.

కుట్టుమిషన్ ఆగిపోయింది. వదిన లేచి వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "వీడియో పెట్టు," అన్నది. "కెమెరా ఖరాబైందని..." అని అతను మొదలుపెట్టేలోపే మళ్లీ అన్నది, "వీడియో పెట్టు."

పెట్టాడు. ముఖం చిక్కిపోయింది. కుడిచెయ్యి మణికట్టు దాకా తెల్లకట్టు. క్రేన్ తాడుకూ చక్రానికీ నడుమ ఇరుక్కుందట. మొన్నటిదాకా దవాఖానలోనే ఉన్నాడు. నేను విన్న గొంతు నర్సుది.

"ఎన్ని?" అన్నది వదిన.

"రెండు పోయినయ్. చూపుడు వేలు, నడిమి వేలు."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సూది కింద వేలు పెట్టి చూడమన్న తన మాటే గుర్తుకొచ్చిందని నాకు తెలుసు, ఎందుకంటే నాకూ అదే గుర్తుకొచ్చింది. అవ్వ మాత్రం ఏడవలేదు. చాట దించి దగ్గరికి జరిగింది.

"అన్నం ఎట్ల తింటున్నవ్ కొడుకా?"

అప్పటిదాకా నిబ్బరంగా ఉన్నవాడు ఆ ప్రశ్నకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "చెంచతోని," అన్నాడు.

"ఎందుకు దాసినవయ్యా?" అన్నది వదిన.

"చెప్పి ఏం జెయ్యాలె? మీరాడ ఏడ్వాలె, నేనీడ ఏడ్వాలె. కంపెనీ ఇంటికి పొమ్మంటుంది. హార్వెస్టర్ లివర్ పట్టే చెయ్యి గిది. వచ్చి ఏం జేస్త? ఇంట్ల కూసుంటనా? నేను ఇప్పట్ల రాను. నన్ను రమ్మనకుండ్రి."

నాకు ఏడుపు, కోపం, వల పన్నినందుకు సిగ్గు, అన్నీ ఒక్కసారే వచ్చాయి. కళ్లు దించుకుని నోట్‌బుక్ తిరగేశాను. ఆ రెండు శుక్రవారాలు అతని దగ్గర పాచికా లేదు, తలే లేదు. మంచం మీద పడుకుని నోటికొచ్చిన అంకెలు చెప్పాడు. రెండు, మూడు, రెండు, ఒకటి, మూడు. అబద్ధమాడుతూ కూడా ఒక్క ఆరు చెప్పుకోలేదు మా అన్న.

చివరికి అతనే అన్నాడు, "ఆట సగంల ఆపకుండ్రి. డంపర్ మీదికొస్తుంది గదా. ఎంత పడాలె?"

"దెబ్బ తాకిన చెయ్యి గదా. నాలుగు పడాలె."

"లేస్తదో లేదో చూద్దాం. లేవకపోతే ఇగ దానికి యుద్ధం లేనట్టే."

ఫోన్‌ను ఎక్కడో ఆనించి, తలె ముందుకు లాక్కుని, ఎడమచేత్తో పాచిక వేశాడు. అలవాటు లేని చెయ్యి కదా, ఎత్తు నుంచి పడింది. తలె ఠంగుమని మోగింది. మూడు వారాల తర్వాత ఆ చప్పుడు మా ఇంటి పెంకుల దాకా పోయింది. పాచిక గిరగిరా తిరిగి ఆగింది. వీడియో ఆ రోజు ఎందుకో బిగుసుకుపోలేదు, చుక్క మాకందరికీ కనబడింది.

"ఒకటి," అన్నాడు అన్న. "చూసిండ్రా, నేను చెప్పలే?"

"చప్పుడు ఇనలే," అన్నది అవ్వ.

"గంత మోగింది గదవ్వా!"

"చెవులు నాయా నీయా? చెల్లదు. మళ్ల ఎయ్యి."

అన్న వదిన వైపు చూశాడు. "నాకు సుత ఇనబడలే," అన్నది వదిన ముక్కు తుడుచుకుంటూ. ఇక కథ నడిపేది నేను, తీర్పు నాది. అన్న నా వైపు చూశాడు. నోట్‌బుక్‌లో ఒకటి అని రాయబోతున్న పెన్ను పక్కన పెట్టి, నేను కూడా వినలేదనే చెప్పాను.

"ఎన్నిసార్లు ఎయ్యాలె అవ్వా?"

"లేచేదాంక ఎయ్యి కొడుకా. లేచినంక ఇంటికి రా."

అన్న చాలాసేపు తలె వైపే చూశాడు. తర్వాత ఎడమచేత్తో పాచిక తీసుకున్నాడు.