గోడకు మేర

ఆ రోజుల్లో మా ఊళ్ళో పేపరంటే చొప్పదండి బస్సులో వచ్చేది కాదు, గోడ. వడ్ల మిల్లు గోడకు నల్లరంగు పూసి, వారానికోసారి సుద్దముక్కతో ఊరి సంగతులు రాసేవాళ్ళు: కరెంటు ఎందుకు పోయింది, సర్కారు డాక్టరు ఎప్పుడొస్తాడు, ఎవరి బర్రె తప్పిపోయింది. మూడో తరగతిలోనే బడి మానేసిన నేను, నీళ్ళబిందె చంకన పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ అక్కడే మళ్ళీ చదవడం నేర్చుకున్నాను. (బిందె బరువుగా ఉంటే చదువు తొందరగా వస్తుంది, ఇది నా అనుభవం.) రాసేది మా మరిది. గోడా, రంగూ, సుద్దా మాత్రం మిల్లు పటేలువి.

ఒక పంటకాలం మిల్లులో తూకం తక్కువ వస్తోందని ఊరంతా గుసగుసలాడింది. గోడ మీద ఆ ముచ్చటే లేదు. మరిదిని నిలదీశాను.

"గోడ ఆయినది వదినా. ఆయిన గోడ మీద ఆయిన సంగతే ఎట్ల రాస్తం?"

"గట్లయితె అది పేపరెట్లయితది? మిల్లు బోర్డయితది."

రోషమొచ్చి మరునాడే రాశాడు. సాయంత్రానికల్లా పటేలు జీతగాడు వచ్చి గోడకు సున్నం కొట్టాడు. మరిది మా అరుగు మీద కూలబడి, "అయిపోయింది వదినా, ఇగ పేపరు లేదు" అన్నాడు.

ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది మా వాకిటి గోడ ఒక్కటే. ఎండ బాగా పడుతుందని దానిమీద పిడకలు కొట్టేదాన్ని. పిడకలన్నీ గీకేసి "రాయి" అన్నాను. మా అత్త గడపలోంచి చూసి, "రేపు పొయ్యిల ఏం పెడ్తవే, సుద్దముక్కలా?" అంది.

గోడ దొరికింది, మరి రంగూ సుద్దా? చొప్పదండి ఎరువుల దుకాణం వాళ్ళ ప్రకటన వేస్తే అన్నీ వాళ్ళే ఇస్తారన్నాడు మరిది. "ఇంకో పటేలును దేవులాడుడే గద" అన్నాను. మా దగ్గర మంగలికి, చాకలికి, కుమ్మరికి కల్లాల్లో మేర పెడతారు. ఏడాదంతా చేసిన పనికి ప్రతి ఇల్లూ పంటలోంచి ఇంత ఇస్తుంది. అందుకని మంగలి ఏ ఒక్కరి మనిషీ కాడు. గడ్డం సరిగ్గా గీయకపోతే మాత్రం ఎవరైనా అడుగుతారు. గోడకూ అదే పద్ధతి పెట్టాను. ఎంత పెద్ద రైతైనా చాటెడు వడ్లే. కూలికి పోయేవాళ్ళు పెట్టే దోసెడు కూడా చాటెడుతో సమానం. పెట్టినవాళ్ళు ఏదైనా రాయమని అడగొచ్చు, రాయొద్దని మాత్రం అనొద్దు.

గంప నెత్తిన పెట్టుకుని కల్లాల వెంట తిరిగాను.

"ఎవలి మేర గిది?"

"గోడ మేర."

"గోడ ఏం పనిజేస్తది?"

"నీ వడ్లు ఎన్ని తరుగువోయినయో చెప్తది."

నవ్వారు, నవ్వుతూనే పెట్టారు. ఒకామె మాత్రం చాట చేతిలో పట్టుకుని, "నా కోడలు పొద్దెక్కిందాక లేస్తలేదు, గదిగూడ రాయిస్తవా?" అంది. "నీ కోడలు గూడ దోసెడు పెట్టింది. ఆమె చెప్పేది గూడ అడిగి రెండూ రాయిస్త" అన్నాను. గమ్మున వడ్లు పోసింది.

చివరికి పటేలు కల్లం. ఆయన ఏకంగా ఒక బస్తా తెప్పించి నా ముందు పెట్టించాడు. "చాటెడేంది కోడలా, బస్తా తీస్కపో. అందరం ఊరోళ్ళమే గద. జర మంచిగ రాస్తె సాలు."

రాలిన గింజ కూడా ఏరుకునేదాన్ని నేను, అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు వాడేదాన్ని. బస్తాను కింది నుంచి పైదాకా చూశాను. మా ఇంటికి ఎన్నాళ్ళొస్తుందో కూడా లెక్కేశాను. (అబద్ధమెందుకు.) అయినా తల ఎత్తి, "చాటెడే, పటేలా. బస్తా మోస్తే మెడ వంగుతది" అన్నాను.

బస్తాను పక్కకు జరిపించాడు. "మరి చాటెడు పెడ్తె నేను గూడ అడగచ్చునా?"

"అడగచ్చు."

"అయితె రాయుండ్రి. నా తూకం సక్కగనే ఉన్నది. నమ్మనోళ్ళు వచ్చి చూస్కోవచ్చు."

ఆయన మాట ఆయన చెప్పినట్టే రాయించాను. తెల్లారేసరికి ఊరంతా తమతమ తూకంరాళ్ళు పట్టుకుని మిల్లుకు పోయింది. ఆ వారంలోనే పటేలు కాటా మార్చాడు. పాతది తుప్పు పట్టిందన్నాడు. అదీ రాశాం, మేర పెట్టినవాడు కదా.

ఆ గోడ చాలా ఏళ్ళు నడిచింది. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ బస్తా కళ్ళ ముందుకొస్తుంది. మళ్ళీ ఎవరైనా అట్లాంటిది తెచ్చి పెడితే ఏం చేస్తానని నన్ను నేనే అడుగుతాను. ఇంకేం చేస్తాను, వడ్లన్నీ వాళ్ళ కల్లంలోనే తిరిగి కుమ్మరించేస్తాను. ఖాళీ గోనెసంచి మాత్రం ఉంచుకుంటాను. ఆ రోజు ఆ తెలివి లేకపోయింది.