అమ్మకు నేను చెప్పని ప్రశ్న

నా చిన్నప్పుడు మా అమ్మకు నేనే దుబాసీని. కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా అమ్మ ఇప్పటికీ ఈ సంగతి ఎత్తుతుంది. "పదమూడేళ్ళ పిల్లాడు, చైనా డాక్టరమ్మ దగ్గర నా తరఫున మాట్లాడి నన్ను నిలబెట్టాడు" అంటుంది. అందరూ మెచ్చుకుంటారు. నేను తల దించుకుని పప్పన్నం కలుపుకుంటాను. నలభైకి దగ్గర పడ్డాను. ఆ రోజు నిజంగా ఏం జరిగిందో ఇక చెప్పెయ్యాలి.

అది 2002. మేము కాలిఫోర్నియా వచ్చి ఏడాది అయింది. అమ్మకు డ్రైవింగ్ రాదు, ఇంగ్లీషు మాట్లాడాలంటే భయం. ఆ వేసవిలో ఆమె ముఖం పాలిపోయింది. రెండు మెట్లెక్కితే ఆయాసం. ఊరికే విసుక్కునేది, తరవాత బాధపడేది. ఒకరోజు అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో బట్టల బుట్టతో సహా కూలబడిపోయింది. నాన్న క్లినిక్‌కి వెళ్దామంటే, అక్కడ మగ డాక్టరని ఒప్పుకోలేదు. ఓక్లాండ్‌లో తనకు తెలిసిన వైద్యురాలు ఉందని పక్కింటి చైనా ఆంటీ చెప్పాక సరేనంది. నాన్నకు సెలవు దొరకలేదు. మాట సాయానికి నన్ను పంపాడు. బార్ట్ రైలెక్కి వెళ్ళాం.

గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు, ఎండిన నారింజ తొక్కల వాసన. నెరిసిన జుట్టు వైద్యురాలు అమ్మ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి చాలాసేపు కళ్ళు మూసుకుంది. నాలుక చూసింది. కింది కనురెప్ప లాగి చూసింది. తరవాత నా వైపు తిరిగి ఇంగ్లీషులో, అమ్మకు ప్రతినెలా వచ్చే రక్తస్రావం ఎన్ని రోజులుంటుందో అడగమంది.

నా చెవులు వేడెక్కాయి. మా ఇంట్లో ఆ మాటే లేదు. ఆ రోజుల్లో అమ్మ దేవుడి అలమర దగ్గరికి వెళ్ళదు, కంచం విడిగా పెట్టుకుంటుంది, నాన్న వంట చేస్తాడు. ఎందుకని ఎవరూ అడగరు. ఇదివరకు దీపం వెలగనిది మూడు రోజులే. ఆ వేసవిలో పది, పన్నెండు రోజులు వెలగలేదు. అది నేను గమనించాను. అంటే జవాబు నా దగ్గరే ఉంది.

అయినా అమ్మతో, "కారం ఎక్కువ తింటావా అని అడుగుతోంది" అన్నాను. "కొంచెం తింటాను" అంది అమ్మ. నేను వైద్యురాలితో, "అంతా మామూలుగానే ఉందట" అన్నాను.

ఆవిడ మళ్ళీ నాడి పట్టుకుంది. బిగించిన తీగలా ఉందంది. వాళ్ళ వైద్యంలో కాలేయం రక్తాన్ని దాచి ఉంచుతుందట, ఒంట్లో అన్నీ సాఫీగా పారేలా చూస్తుందట. కోపాన్నీ దిగులునూ మింగుతూ పోతే ఆ పారుదల ముడిపడుతుందట, ఆడవాళ్ళకు అది నెలసరిలో కనిపిస్తుందట. మరోసారి అదే ప్రశ్న అడిగింది. నేను మళ్ళీ మామూలే అన్నాను. ఆవిడ నన్ను కోప్పడలేదు.

"నీ నోరు ఒకటి చెబుతోంది, మీ అమ్మ చెయ్యి ఇంకోటి చెబుతోంది. వెళ్ళి ఆ బుట్టలో తొక్కలు ఏరు. నల్లవి పక్కన పెట్టు."

తెర అవతల కూర్చుని ఏరుతూ సందులోంచి చూశాను. ఆవిడ గోడ మీది కాలెండర్ తీసి అమ్మ ముందు పెట్టి, ఎర్ర పెన్సిల్ చేతికిచ్చింది.  తన పొత్తికడుపు చూపించి, తేదీల మీద వేలు ఆడించింది. అమ్మ తెర వైపు ఒకసారి చూసింది. తరవాత గీయడం మొదలుపెట్టింది. పెన్సిల్ ఆగుతుందేమోనని చూశాను, ఆగలేదు. కాసేపటికి అమ్మ ఏడ్చింది. ఆవిడ అమ్మ భుజం మీద చెయ్యి వేసి, ఏడవనిచ్చింది.

నన్ను పిలిచి కాలెండర్ చూపించింది. సగం నెల ఎరుపు. "ఈరోజు మూలికలు ఇవ్వను. ముందు రక్తపరీక్ష చేయించాలి. ఈ కాలెండర్ కాగితం క్లినిక్ డాక్టర్‌కి చూపించమని మీ అమ్మకు చెప్పు. ఈ మాట కూడా నువ్వు మింగెయ్యకు" అంది. ఆ ఒక్కటీ నేను సరిగ్గా చెప్పాను.

పరీక్షలో రక్తం బాగా తగ్గిపోయిందని తేలింది. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే ప్రమాదమయ్యేదని డాక్టర్ అన్నారు. భయపడాల్సిన జబ్బేదీ లేదని కూడా చెప్పారు. నాన్న ఆ రోజు కార్ పార్కింగ్‌లో చాలాసేపు స్టీరింగ్ మీద తల ఆనించి కూర్చున్నాడు. మందులు వాడాక, చలికాలానికల్లా అమ్మ బుట్ట ఎత్తుకుని మెట్లెక్కేది.

కిందటేడు ఒక విందు నుంచి అమ్మను శాన్ రామన్‌లోని మా ఇంటికి తీసుకొస్తూ, సిగ్నల్ దగ్గర కార్ ఆగినప్పుడు చెప్పేశాను. "అమ్మా, ఆ రోజు ఆవిడ కారం గురించి అడగలేదు."

అమ్మ పకపకా నవ్వింది. "తెలుసులేరా. 'మంత్లీ' అంటే ఏంటో ఆ మాత్రం తెలీదనుకున్నావా? నువ్వు కారం అనగానే హమ్మయ్య అనుకున్నా. నీ ముందు ఎలా చెప్పను?"

"మరి అందరికీ అలా ఎందుకు చెబుతావు?"

"వచ్చావు కదరా. రైలు మారాల్సిన చోట నా చెయ్యి పట్టుకుని మార్పించావు. నాకు అదే గుర్తు."

ఇరవై ఏళ్ళకు పైగా మోసిన బరువు ఆ సిగ్నల్ దగ్గరే దిగిపోయింది. సిగ్గుపడింది నేనొక్కణ్ణే కాదు. మా ఇద్దరి సిగ్గునూ ఒక ఎర్ర పెన్సిల్ దాటించింది.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఒక కాలెండర్ ఉంది. దాని పక్కన దారంతో కట్టిన ఎర్ర పెన్సిల్. మా ఆవిడ గీస్తుంది, ఈ ఏడాది నుంచి మా అమ్మాయీ గీస్తోంది. గీతలు ఎక్కువైన నెలలో "ఎలా ఉంది?" అని నేనే అడుగుతాను, గొంతు తగ్గించకుండా. దేవుడి దగ్గర దీపం ఏ రోజూ ఆగదు.