లొంగని నేల, నా ఇంగ్లీషు

ఒక్క ఇంగ్లీషు మాటతో ఊరు ఊరంతటినీ తిరుగుబాటుకు లేపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చదవండి. ఆ ఘనురాలిని నేనే.

అప్పటికి ఎమ్మే ఇంగ్లీషు కొత్తగా పాసై, అనంతపురంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నా తలకాయలో ఇంగ్లీషు ఎంత నిండిపోయి ఉండేదంటే, తుమ్మినా వ్యాకరణం తప్పకుండా తుమ్మేదాన్ని. అలాంటి రోజుల్లో హెలెన్ అనే విదేశీ శాస్త్రవేత్త మా జిల్లాకు వచ్చారు. వానకు ఎదురుచూసే మెట్ట పొలాల్లో కొత్త రకం వేరుశనగ విత్తనం వేసి చూడటానికి ఒక ఊరిని ఎంచుకోవాలి. రైతులతో మాట్లాడటానికి ఆమెకు ఒక దుబాసీ కావాలి. "నేనున్నానుగా!" అని ఎగిరి జీపెక్కాను.

కణేకల్ దాటాక ఒక చిన్న ఊరు. చాలా రోజుల బెట్ట తరువాత ముందురోజే ఒక వాన పడింది. మస్తాన్ అనే రైతు, ఆయన భార్య బీబమ్మ తమ శెనక్కాయ చేను గట్టు మీద మాకోసం నిలబడి ఉన్నారు. వెనకాల ఊరి జనం.

హెలెన్ మొదటి ప్రశ్న వేశారు. "కరువు ఏడాదిలో ఈ నేల యీల్డ్ అవుతుందా?"

యీల్డ్! నాకు తెలియని మాటా? నేను చెప్పే పాఠాల్లో రాజులు, సైన్యాలు, కోటలు యీల్డ్ అవుతూనే ఉంటాయి. అంటే లొంగిపోవడం. ఇక ఆలోచించేదేముంది?

"అన్నా, కరువు ఏడాదిలో ఈ నేల లొంగుతుందా అని అడుగుతున్నారు."

మస్తాన్ నన్ను ఎగాదిగా చూశాడు. "లొంగేదేంది మేడమ్? నేలేమన్నా పోట్లగిత్తనా?"

బీబమ్మ అందుకుంది. "వాన లేకుంటే ఈ ఎర్రనేల ఇనుము మాదిరి ఉంటాది. దున్నబోతే మడకే దిగదు. యాడ లొంగుతాది?"

"లేదు, యీల్డ్ కాదు" అని ఇంగ్లీషులో చెప్పేశాను. హెలెన్ ముఖం వాడిపోయింది. "మంచి వానలు పడినప్పుడు?"

"అప్పుడూ లొంగదు" అన్నాడు మస్తాన్. "నేల మనిషికి లొంగుతాదా యాడన్నా? మనమే దానికి లొంగల్ల."

ఆహా, ఎంత గొప్ప మాట! పొంగిపోయి అనువదించాను. "ఏ కాలంలోనూ ఈ నేల యీల్డ్ కాదు. రైతులే యీల్డ్ అవుతారు."

హెలెన్ అయోమయంగా అడిగారు. "రైతులు ఎలా యీల్డ్ అవుతారు?"

"అన్నా, మీరెలా లొంగుతారని అడుగుతున్నారు."

మస్తాన్ మీసం లేచింది. "మేమా? ఎవునికి? మా నాయన లొంగలే, నేనూ లొంగను!"

వెనక నుంచి ఎవరో అరిచారు. "ఏమప్పా, తెలీలేదా? భూములు తీసుకునేకి వచ్చినారు! లొంగిపొమ్మంటాండారు!"

"ఇయ్యం! సెంటు గూడా ఇయ్యం!"

"దుడ్లు కుప్ప పోసినా ఇయ్యం!"

జనం మీదికొచ్చారు. నా ఎమ్మేతో సహా నేను హెలెన్ వెనక్కి నక్కాను. హెలెన్ బ్యాగు సర్దుకుంటూ, "ఏమీ రాని నేలలో విత్తనం వేసి వీళ్ళను నష్టపెట్టలేను. క్షమించండి" అంటున్నారు.

బీబమ్మకు ఆ మాటలు అర్థం కాలేదు కానీ, బ్యాగు సర్దడం కనిపించింది. చర్రున చేలోకి దిగి, ఒక శెనక్కాయ చెట్టును మొదలంటా పెరికి హెలెన్ ముందు విదిలించింది. "చూడు తల్లీ! ఇట్లాంటి నేలను ఇడిసిపెట్టి మమ్మల్ని యాడికి పొమ్మంటావు?"

ఎర్రమట్టి రాలింది. వేళ్ళ నిండా కాయలు, గుత్తులు గుత్తులుగా. అన్నాళ్ళ బెట్టలో, పైన చూస్తే బక్కచిక్కిన ఆ చెట్టు, మట్టి లోపల ఇంత సంపద దాచుకుంది! పల్లీలు పొట్లంలో తప్ప చూడని నాకు నోరు తెరుచుకుపోయింది. హెలెన్ ఆ చెట్టును చంటిబిడ్డలా రెండు చేతులా అందుకున్నారు.

"ఇంత బాగా యీల్డ్ అవుతోంది కదా!" అన్నారు, కాయలను చూపిస్తూ.

అప్పుడు వెలిగింది నాకు. యీల్డ్ అంటే కాపు ఇవ్వడం. దిగుబడి!

జరిగింది చెప్పగానే హెలెన్ గట్టు మీద కూలబడి నవ్వారు. ఆ మాట పుట్టుక కూడా చెప్పారు. చాలా పాతకాలపు ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం చెల్లించడం. పడిన కష్టానికి నేల చెల్లించేది పంట. ఓడినవాడు గెలిచినవాడికి చెల్లించుకుంటాడు కాబట్టి లొంగిపోవడమూ అదే మాట అయింది. చివరికి రోడ్డు మీద ఎదుటివాడికి దారి ఇవ్వడమూ అదే. పొలమూ, యుద్ధమూ, రహదారీ ఒక్క చిన్న మాటలో! ఇన్నేళ్ళూ దాని గుమ్మంలోనే నిలబడి, ఇల్లంతా చూసేశాననుకున్నాను.

మస్తాన్‌కు ఊరందరి ముందూ వివరించాను. అతను తన చేనును కొత్తగా చూశాడు. "అంటే నేల నాకు కప్పం కడతాండాదా? బీబీ, నేను రాజునంట!"

"రాజువేలే. పోయి కలుపు తియ్యి."

ఊరు నవ్వింది. హెలెన్ ఆ ఊరినే ఎంచుకున్నారు. కథ ఇక్కడ ఆగి ఉంటే నా పరువు కొంతైనా దక్కేది.

తిరుగుదారిలో, ఇరుకు బండిబాటలో, ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. ముందు సీటులోని హెలెన్ నెమ్మదిగా "యీల్డ్" అన్నారు. దారి ఇవ్వమని. కొత్తగా నేర్చిన మాట నా నాలుక చివరే ఉంది. డ్రైవర్ గంగాధర్‌కు వినపడేలా కేక పెట్టాను.

"అన్నా, దిగుబడి! దిగుబడి!"

చక్రం బురదలో దిగబడిందనుకున్నాడు పాపం. స్టీరింగ్ పక్కకు తిప్పి యాక్సిలరేటర్ అదిమి తొక్కాడు. జీపు బాట దిగి, వాన బురదలోకి పోయి, ఇరుసు దాకా కూరుకుపోయింది. గొర్రెలు తీరిగ్గా మమ్మల్ని చూస్తూ సాగిపోయాయి.

గంగాధర్ దిగి చక్రాలు చూశాడు. తరువాత నన్ను చూశాడు. భక్తిగా రెండు చేతులూ జోడించాడు.

"దిగబడకముందే ఎట్లా చెప్పినావు తల్లీ?"

అందుచేత పాఠక మహాశయులారా, లావుపాటి నిఘంటువు మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ కదిలే బండిలో కూర్చుని అనువాదం చేయను.