సారమ్మ పేరు మీద చీటీ

నాచారంల ఉండే సారమ్మకు ఒక్కరి మీదనే కుళ్లు. ఆ ఒక్కరు గూడ సారమ్మనే.

మగడు శాంతయ్యకు అల్జీమర్స్ వచ్చి ఐదేండ్లాయె. స్నానం పోసేది, అన్నం తినిపిచ్చేది ఈమె. ఆయన మాత్రం రోజూ, "మా సారమ్మ ఇంకా రాలేదా? పప్పు చేస్తే ఆమెనే చెయ్యాలె" అంటడు. పెండ్లినాటి సారమ్మ ఆయన మనసుల ఉంది. ముంగట ఉన్నది ఆయన లెక్కల ఎవరో పనామె.

ఉప్పల్‌ల చర్చికి పోయినా గంతే. ఆడోళ్ల దిక్కే ఆయనను పక్కన కూసోబెట్టుకుంటది. ప్రతి ఆదివారం ప్రార్థన చీటీలల్ల శాంతయ్య పేరే చదువుతరు. చూసుకునేదాన్ని అడిగినోడు లేడు. మొన్న కడుపు మండి ఈమెనే రాసి ఇచ్చింది: "శాంతయ్యను చూసుకునే సారమ్మ కోసం. నిద్ర లేదు, అలిసిపోయింది."

పాస్టరు అది చదివి తలెత్తి, "ఇంట్ల గిట్ల చూసుకునేటోళ్లు ఇంకెవరున్నరు?" అని అడిగితే ఆరు చేతులు లేచినయి. అందరి పేర్లు వెట్టి ప్రార్థన చేసిన్రు. అందరికంటే గట్టిగ ఆమేన్ అన్నది శాంతయ్యనే.

కండ్లు తుడుసుకుని పక్కనున్న ఈమె దిక్కు తిరిగి అడిగిండు: "మా సారమ్మకు ఏమైందమ్మా?"