సున్నం కింది గూడ్సుబండి

తడి సున్నం, ఎర్రజాజు కలిసిన వాసన మన ఈడువాళ్లలో ఎవరికైనా గుర్తుందా? పండుగ ముందు గోడలకు సున్నం, అరుగుల అంచులకు జాజు. ఇవాళ రంగులు కలుపుతుంటే ఆ వాసనే వచ్చింది. ఒళ్లు మండింది.

యాభైలలో నేను తాండూరులో పెదనాయన ఇంట్లో పెరిగాను. ఓ పండుగకు మిగిలిన జాజుతో వసారా గోడ మీద గూడ్సుబండి గీశాను, డబ్బాల నిండా నాపరాళ్లు. పెదనాయన చూశాడు.

"ఆడిపిల్లకు గీ బొమ్మలేందే? పో, నీ చేతులతోనే సున్నం పుయ్యి" అన్నాడు.

ఏడుస్తూ ఇంజను నుంచి చివరి డబ్బా దాకా నేనే పూశాను. మళ్లీ కుంచె పట్టింది ఉద్యోగం నుంచి రిటైరయ్యాకే.

నా బొమ్మల ప్రదర్శన ఫొటోలు చూసి నిన్న ఆయన కొడుకు ఫోన్ చేశాడు.

"అక్కా, పెద్ద ఆర్టిస్టువైనవ్! మన వసారా గోడకు నీ బొమ్మ ఒకటియ్యరాదు? గా గోడ ఇంక గట్లనే ఉన్నది. నాయన ఉంటే మస్తు సంబురపడుతుండె."

సంబురమట!

"గోడ గట్లనే ఉంటే నన్నెందుకు అడుగుతవ్ తమ్మీ?" అన్నాను. "మీ నాయన నాతోని పూయించిన సున్నం గీకు. నా బొమ్మ ఆడనే ఉన్నది."